నకలు రాతకే పోయిన రాత్రి

ఎనిమిదో తరగతి ‘ఘర్షణ’ పాఠానికి బోధన ప్రణాళిక కావాలని నిన్న సాయంత్రం ఏఐని అడిగాను. నిమిషంలో ఇచ్చింది. బాల్ బేరింగుల ఉదాహరణ తీసేసి, మా పిల్లలకు తెలిసిన ఎడ్లబండి ఇరుసు, కందెన చేర్చాను. పది నిమిషాల్లో పని పూర్తి. కానీ ముద్రించిన కాగితం చెల్లదట! పీరియడ్ల వారీగా రికార్డు పుస్తకంలో చేత్తోనే రాయాలట. అదే విషయాన్ని అక్షరం మారకుండా రాత్రి పదకొండు దాకా నకలు రాశాను. వేళ్లు లాగేస్తున్నాయి. ఎవరికి ఉపయోగం ఇది? సంచిలో 42 జవాబు పుస్తకాల కట్ట విప్పనే లేదు. బలం దిశ చూపమంటే బాణం గుర్తు తిప్పి వేసే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ల తప్పు ఎక్కడ మొదలైందో ఓపికగా చూడాల్సిన సమయం అది. దాన్ని మా చేతుల్లోంచి ఎందుకు లాక్కుంటారు?