ముత్యం అసలుదే, మరి ఆల్చిప్ప ఎక్కడిది?

హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఏ ముత్యాల దుకాణానికి వెళ్లినా ముందు జరిగేది పరీక్షే. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి రాస్తారు, రాలిన తెల్లపొడి చూపిస్తారు, వేలితో తుడిచి ‘చూడండి, గీత పడిందా?’ అంటారు. మొన్న మా అక్కయ్య కోసం సరం కొనడానికి వెళితే ఇదంతా అయ్యాక దుకాణదారు ఒక నల్ల తాహితీ ముత్యం కూడా తీశాడు. ‘దీని చిప్ప సముద్రంలో పట్టింది సార్’ అన్నాడు. పక్కనున్న ఆవిడ ‘అయ్యో పాపం’ అంది.

ఆవిడ జాలిపడాల్సింది ఆ చిప్ప మీద కాదనిపించింది నాకు.

తాహితీ ఉన్న పసిఫిక్ దీవుల గుంపు ఫ్రెంచ్ పాలినేషియాలో ఆ చిప్పల్ని ఎక్కువగా పిల్లలుగా ఉండగానే పడతారు. పట్టడం అనేది కూడా పెద్దమాటే. గుడ్డులోంచి వచ్చిన పిల్ల సుమారు మూడు వారాలు నీటివాలున కొట్టుకుపోతుంది. ఆ తర్వాత దేన్నో ఒకదాన్ని కరుచుకుని కూర్చోవాలి. అందుకని పగడపు దీవుల మధ్య నీళ్లలో, పైనుంచి కొన్ని మీటర్ల లోతున, తాళ్లకు నల్లటి వలపీలికలు వేలాడదీస్తారు. మన నర్సరీల్లో మొక్కల మీద కప్పే షేడ్‌నెట్ లాంటివే. పిల్లలు వాటంతట అవే వచ్చి అంటుకుంటాయి. ఏడాదో రెండేళ్లో ఆగి విడదీసి పెంచుతారు. తల్లి లక్షల్లో గుడ్లు వదిలితే బతికి పెద్దయ్యేవి ఏ కొన్నో. ఎలాగూ పోయేవాటిలో కొన్నిటికి కూర్చునే చోటు చూపిస్తున్నారంతే. పైగా ఈ జాతి మొదట మగ, వయసొచ్చాక ఆడ అవుతుంది. చిప్పతో చేసే గుండీల కోసం ఒకప్పుడు డైవర్లు పెద్ద చిప్పల్నే, అంటే తల్లుల్నే, ఏరుకుపోయి అక్కడి సముద్రాన్ని ఎందుకు ఖాళీ చేయగలిగారో దీంతో అర్థమవుతుంది.

తప్పులు లేవని కాదు. పాత వలలు చివికి ప్లాస్టిక్ అక్కడి నీళ్లలోనే పోగవుతోంది. ఒక దీవి పిల్లల్ని ఇంకో దీవికి తరలిస్తే జబ్బులూ వెంట వెళ్తాయి.

ఇప్పుడు మన సంగతి. మన్నార్ సింధుశాఖలో ముత్యాల వేట 1961తో ఆగిపోయింది. తూత్తుకుడిలో మన శాస్త్రవేత్తలు 1973లో ముత్యాన్ని పండించారు, 1981లో చిప్పల్ని హ్యాచరీలోనే పుట్టించారు. అంత విద్య ఉన్న దేశంలో ‘డాబా మీద ముత్యాల సాగు, లక్షల్లో ఆదాయం’ అనే వీడియోల్లో కనిపించే మంచినీటి ఆల్చిప్పలు మాత్రం ఎక్కువగా చెరువుల్లోంచి, వాగుల్లోంచి ఏరి తెచ్చినవే. అదీ సాధారణంగా 8 సెంటీమీటర్ల పైబడినవి, అంటే పిల్లలు పెట్టే వయసువి. ముత్యం కట్టడానికి చిప్ప తెరిచి లోపల పూస పెట్టే ఆపరేషన్‌లో, ఆ తర్వాతా కొన్ని చచ్చిపోతాయి. మళ్లీ చెరువుకే పరుగు. ఏ చెరువు నుంచి ఎన్ని తెచ్చారో అడిగేవాళ్లు లేరు.

ఇక్కడ వల వేలాడదీస్తే పని జరగదు. మంచినీటి ఆల్చిప్ప పిల్ల కొన్నాళ్లు చేప మొప్పల్నో రెక్కల్నో పట్టుకుని బతకాలి. కాబట్టి ఆ చేపలతో సహా హ్యాచరీ పెట్టాల్సిందే. దానికి ఖర్చవుతుంది, వీడియోలో బాగుండదు. సబ్సిడీ ఇచ్చేవాళ్లు ముందు దీనికివ్వాలని నా వాదన.

చివరికి అక్కయ్యకు తెల్లసరమే తీసుకున్నాను. ఎక్కడిదని అడిగితే ‘చైనా మాల్ సార్’ అన్నాడు గొంతు తగ్గించి. అక్కడ ఆ ఆల్చిప్పల్ని హ్యాచరీల్లోనే పుట్టిస్తారు. ఆ సంగతి చెబితే, బేరం కోసం ఇంకేదో ఎత్తు వేస్తున్నాననుకున్నాడు.