ఎదురుగా ఉన్న ఇంటిని చూడకుండా వేసిన బొన్నార్

ఫ్రెంచి చిత్రకారుడు పియర్ బొన్నార్ (1867–1947) బొమ్మలు మొదటిసారి చూసినవాళ్లు "ఎంత హాయిగా ఉన్నాయో" అంటారు. గళ్ల గుడ్డ పరిచిన బల్ల, కాఫీ కప్పులు, కిటికీ అవతల తోట, తొట్టిలో స్నానం చేస్తున్న భార్య, పక్కనే కుక్కపిల్ల. కలిగినవాడు కడుపులో చల్ల కదలకుండా వేసుకున్న బొమ్మలని అక్కడే తీర్పు కూడా ఇచ్చేస్తారు. ఆ తీర్పు తప్పని నా గట్టి అభిప్రాయం. బల్ల ముందు కూర్చుని, బల్లను చూస్తూ ఆయన రంగు వేయలేదు. చూసినప్పుడు పెన్సిల్‌తో గీసుకుని, తర్వాత వేరే గదిలో, ఒక్కోసారి ఏళ్ల తర్వాత, జ్ఞాపకంలోంచి వేశాడు. ఆ రంగుల గుట్టంతా ఈ పని పద్ధతిలోనే ఉంది.

లా చదివి చిత్రకళలోకి వచ్చినవాడాయన. 1888లో సెరూజియె అనే మిత్రుడు, చిత్రకారుడు గోగాన్ దగ్గరుండి చెప్పగా వేసిన ఓ చిన్న ప్రకృతి దృశ్యాన్ని పారిస్ తెచ్చి చూపించాడు. చెట్టు పసుపుగా తోస్తే పచ్చి పసుపే వేసెయ్యమన్నది అందులోని పాఠం. 1890లో పారిస్‌లో పెద్ద ఎత్తున జపాన్ అచ్చుబొమ్మల ప్రదర్శన జరిగింది. బొన్నార్ మీద దాని ముద్ర ఎంతగా పడిందంటే స్నేహితులు ఆయన్ని 'జపోనార్' అని పిలిచేవారు. ఆ అచ్చుబొమ్మల్లో బట్ట ముడతపడ్డా దాని మీది గళ్లు వంగవు, కాగితం మీద పరిచినట్టు చదునుగానే ఉంటాయి. 1892లో వేసిన క్రోకే (కర్ర సుత్తితో బంతిని కొట్టే ఆట) బొమ్మలో దుస్తుల మీది గళ్లు అచ్చం ఇలాగే కనిపిస్తాయి. లండన్ టేట్ మ్యూజియంలో ఉన్న 'కాఫీ' (1915) చూడండి. ఎరుపు, తెలుపు గళ్ల గుడ్డ పరిచిన బల్ల మన మీదికి ఒరుగుతున్నట్టు పైకి లేచి ఉంటుంది. తర్వాత ఆయన భార్య అయిన మార్త్ కప్పు ఎత్తి తాగుతుంటే పక్కన కుక్క బల్లంచు మీద కాళ్లు పెట్టి నిలబడింది. బల్లను సరైన కోణంలో పడుకోబెడితే గళ్లు సన్నటి గీతలుగా కుదించుకుపోయేవి. పైకి లేపాడు కాబట్టే అంత ఎరుపు దక్కింది.

ఇక పని తీరు. జేబులో పట్టే డైరీలో పెన్సిల్ బొమ్మ. పక్కనే ఆ రోజు వాతావరణం గురించి ఒకటి రెండు మాటలు: ఎండ, మబ్బు, వాన. ఆ పెన్సిల్ గీతల్లోనే చుక్కలు, అడ్డగీతలు, సుడులు రకరకాలుగా ఉంటాయి. ఎక్కడ వెలుగు అదురుతోందో, ఎక్కడ స్తిమితంగా ఉందో వాటిని బట్టి తెలుస్తుంది. గీత అనుభూతి, రంగు ఆలోచన అని ఆయన భావన. చూస్తున్నప్పుడు గీసి, ఆలోచించేటప్పుడు రంగు వేశాడన్నమాట.

కాన్వాసును ఫ్రేముకు బిగించకుండా, బట్టను బట్టగానే గోడకు పిన్నులతో కొట్టేవాడు. అలాంటివి నాలుగైదు పక్కపక్కనే ఉండేవి. దీనివల్ల రెండు లాభాలున్నాయి. వెనక గోడ ఉంటుంది కాబట్టి కుంచెతో ఎంత గట్టిగా రుద్దినా బట్ట లోపలికి పోదు. బొమ్మ అంచు ఎక్కడన్నది చివరిదాకా తేల్చనక్కర్లేదు. రంగులన్నీ కుదిరాక కత్తిరించుకోవచ్చు. ఆయన బొమ్మల అంచుల్లో మనుషులు సగానికి తెగి కనిపించడానికి ఈ స్వేచ్ఛ కూడా ఒక కారణమని నేననుకుంటాను.

ఈ పద్ధతిని అనుకరించబోయే విద్యార్థులు సాధారణంగా రెండుచోట్ల దెబ్బతింటారు. మొదటిది, అన్ని రంగులూ ట్యూబులోంచి వచ్చినంత ఘాటుగా వాడటం. బొన్నార్ తెల్లగుడ్డలో తెలుపు చాలా తక్కువ. నీడలో లేత ఊదా, ఎండలో వెన్న రంగు, మధ్యలో బూడిద కలిసిన గులాబీ ఉంటాయి. వీటి ముదురుదనం దాదాపు సమానం, తేడా అంతా రంగు వేడిగా (పసుపు, ఎరుపు వైపు) ఉందా, చల్లగా (నీలం, ఊదా వైపు) ఉందా అన్నదానిలోనే. ఆయన బొమ్మ ఒకదాన్ని ఫోన్‌లో నలుపుతెలుపు చేసి చూడండి, చాలాచోట్ల మనిషి గోడలో కలిసిపోతుంది. న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉన్న ఫలహారాల గది బొమ్మ (1930–31) ఎడమ అంచున కప్పు పట్టుకుని నిలబడిన స్త్రీ చాలామందికి వెంటనే కంటబడదు. టీ సామాను, కిటికీ, తోట అన్నీ చూశాక తడుతుంది. రెండోది, తడి ఆరకుండా దిద్దడం. ఆయిల్ రంగుల్లో పసుపు మీద ఊదా తడి మీద తడి పడితే రెండూ కలిసి బురదవుతాయి. కింది పొర ఆరాలంటే రోజులు, మందంగా ఉంటే వారాలు పడుతుంది. నాలుగైదు బట్టలు గోడకు ఉంటే ఒకటి ఆరేలోగా ఇంకోదాని మీద పని సాగుతుంది. పైపొరలో నూనె పాలు కిందిదానికంటే ఎక్కువుండాలి, లేదంటే బీటలు వారుతుంది.

1947లో ఆయన పోయిన ఏడాదే విమర్శకుడు జెర్వోస్, బొన్నార్ గొప్ప చిత్రకారుడేనా అని ప్రశ్నిస్తూ తన కళాపత్రికలో రాశాడు. సులువుగా మెప్పించే కళ అన్నది ఆరోపణ. బొన్నార్ మిత్రుడు, చిత్రకారుడు మతీస్ ఆ పత్రిక మీదే, అవును గొప్పవాడే, నేను ధ్రువీకరిస్తున్నాను అని కోపంగా రాసి పెట్టాడు. నేను మతీస్ పక్షం. స్నానపు తొట్టి బొమ్మలే దానికి రుజువు.

1893లో పరిచయమైన మార్త్‌ను ఆయన 1925లో పెళ్లాడాడు. 1926లో దక్షిణ ఫ్రాన్స్‌లోని ల కానెలో ఇల్లు కొన్నాడు. తర్వాతి తొట్టి బొమ్మలు చాలావరకు ఆ ఇంటి స్నానాల గదివే. 1936 నాటి బొమ్మకు మార్త్ వయసు 67 ఏళ్లు, నీళ్లలో ఉన్న దేహం మాత్రం పడుచుది. ఎదురుగా చూసి వేసేవాడైతే అలా వేయలేడు. అమెరికాలో పిట్స్‌బర్గ్ మ్యూజియంలో ఉన్న చివరి తొట్టి బొమ్మ 1941లో మొదలైంది. 1942 జనవరిలో మార్త్ చనిపోయింది. బొన్నార్ ఆ బట్టను గోడ మీంచి తీసేయలేదు. 1946 దాకా దిద్దుతూనే ఉన్నాడు. తొట్టి తన ఆకారం వదిలి నీళ్లలోని మనిషి చుట్టూ ఒదిగింది, గోడ పలకలు పసుపు, నీలం, ఊదా చతురస్రాలుగా వెలుగుతున్నాయి, కింద చిన్న చాప మీద కుక్కపిల్ల మనవైపు తల తిప్పి పడుకుని ఉంది.