లైనింగ్ సరే, మిగిలిన నీళ్లు ఎవరి ఖాతాలోకి పోతాయి?

శ్రీశైలం నుంచి రాయలసీమకి కృష్ణ నీళ్లు తెచ్చే హంద్రీ-నీవా పథకం రెండో దశ కాలవకి, నీళ్లు ఇంకకుండా సిమెంటు లైనింగ్ వేస్తుంటే రైతులు వద్దన్నారు, పార్టీలు దూరాయి, ఒకరు అభివృద్ధికి అడ్డుపడుతున్నారంటే ఇంకొకరు రైతు నోట్లో మట్టి కొడుతున్నారని అరిచారు. నాకైతే రెండు పక్కలా నిజం కనిపిస్తోంది. ఇంజినీరు లెక్కలో కాలవ నుంచి ఇంకిపోయేది నష్టం, కాలవ పక్కన బోరు ఉన్నోడికి అదే ఆదాయం. మరి లైనింగ్ వల్ల మిగిలే నీళ్లు ఇన్నాళ్లూ ఎవరికి అందినాయి, ఇకమీద ఎవరికి పోతాయి? ఇది తేల్చకుండా దాన్ని ఆధునీకరణ అంటే ఎట్లా?

2012లో మొదటి దశ చివరనున్న అనంతపురం జిల్లా జీడిపల్లి రిజర్వాయరుకి నీళ్లొచ్చినాయి కానీ పొలాలకి తీసుకుపోయే పిల్ల కాలవలు చాలా చోట్ల ఇప్పటికీ పూర్తి కాలేదు. అయినా కాలవ వెంట చీనీ (బత్తాయి) తోటలు బతికినాయంటే కాలవ నుంచి ఇంకిన ఊట వల్లే. కాలవ పారినన్ని రోజులు బోర్లో నీటి మట్టం పైకొస్తుంది, ఆగిన కొన్నాళ్లకి మోటరు గాలి కక్కడం మొదలవుతుంది, ఇది ఆ ఊళ్లలో ఎవర్నడిగినా చెప్తారు. ప్రభుత్వ రికార్డులో మాత్రం ఈ రైతు ఆయకట్టుదారుడు కాదు, కాబట్టి ఆయన పోగొట్టుకునేది కూడా ఏ కాగితంలోనూ ఉండదు.

అట్లని లైనింగే వద్దంటే కూడా కుదరదు. ఆ నీళ్లు శ్రీశైలం నుంచి మొదటి దశలోనే ఎనిమిది చోట్ల మోటర్లతో ఎత్తిపోసి తెస్తున్నవి, కరెంటు బిల్లు కట్టి మరీ తెచ్చుకున్న నీళ్లు మడకశిర, కుప్పం దాకా పోవాల. పైగా ఇది వరద నీళ్ల మీద కట్టిన పథకం, కృష్ణలో వరద ఉన్న కొద్ది రోజుల్లోనే లాక్కోవాల. అందుకే 2025లో మొదటి దశ కాలవని 3,850 క్యూసెక్కులకి పెంచడం మంచి పనే అంటాను.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. కేసీ (కర్నూలు-కడప) కాలవకి కేటాయింపు 39.9 టీఎంసీలు, ఆయకట్టు సుమారు 2.65 లక్షల ఎకరాలు. హంద్రీ-నీవాకి 40 టీఎంసీలు, ఆయకట్టు 6 లక్షల ఎకరాల పైన, తాగునీళ్లు కూడా అందులోనే. అంటే దాదాపు అవే నీళ్లతో ఒక చోట టీఎంసీకి ఆరున్నర వేల ఎకరాలు, ఇంకో చోట పదిహేను వేలు. మొదటిది వరి లెక్క, రెండోది ఆరుతడి, డ్రిప్ ఉంటే తప్ప కాగితం దాటని లెక్క. 1860ల్లో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్విన కేసీ కాలవని జపాన్ అప్పుతో ఆధునీకరించారు కూడా, అయినా పైన వరి నాట్లు పడినన్నాళ్లూ కడప వైపు చివరి ఆయకట్టు రైతు నీళ్లెప్పుడొస్తాయా అని ఎదురుచూస్తూనే ఉంటాడు. కాలవ మార్చి పంట మార్చకపోతే ఇంతే.

సరే డ్రిప్ పెట్టుకున్నాం కదా అంటారు. నిజమే, 2003లో మైక్రో ఇరిగేషన్ ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి సబ్సిడీ మీద అనంతపురంలో డ్రిప్ బాగా పాకింది, తాడిపత్రి నుంచి అరటిపండ్లు రైలెక్కి ముంబై పోర్టుకి పోయినాయంటే దాని పుణ్యమే. కానీ డ్రిప్‌తో మిగిలిన నీళ్లు భూమిలో ఉండవు, రైతు ఇంకో రెండెకరాలు తోట పెడతాడు, కరెంటు ఉచితం కాబట్టి మోటరు ఆగదు. నేనైనా అదే చేస్తాను, తప్పేముంది. పైపుల సంగతి కూడా చెప్పాల, ఎండాకాలం వస్తే తడి కోసం ఉడతలు చెట్ల వరసల్లో పరిచిన లేటరల్ పైపులు కొరికేస్తాయి, ఉప్పు నీళ్లకి డ్రిప్పర్లు తెల్లగా పూడుకుపోతాయి, ఒక చెట్టు కింద మడుగు, పక్క చెట్టు కింద దుమ్ము. ఫీల్డులో పరిస్థితి ఇది, రిపోర్టులో మాత్రం డ్రిప్ విస్తీర్ణం ఎన్ని ఎకరాలో ఒక్కటే ఉంటుంది.

తుంగభద్ర కథ ఇంకో రకం. 133 టీఎంసీల డ్యాం పూడికతో 105 దగ్గరికి వచ్చింది, పోయిన 28 టీఎంసీలు అంటే మన హెచ్చెల్సీ (ఆ డ్యాం నుంచి అనంతపురం వైపు వచ్చే ఎగువ కాలవ) వాటా 32.5కి కాస్త తక్కువ. 2024 ఆగస్టులో 19వ గేటు కొట్టుకుపోయాక గానీ ఆ గేట్ల వయసెంతో ఎవరికీ గుర్తు రాలేదు. ఆ హెచ్చెల్సీ కూడా కర్ణాటకలో వంద కిలోమీటర్ల పైన పారినాకే మన సరిహద్దుకి వస్తుంది. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనంలో, అది 1369 నాటిది, చెరువుకి ఉండకూడని దోషాలు ఆరు చెప్పారు, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం అందులో ఒకటి, కొద్ది నీళ్లకి ఎక్కువ భూమి పెట్టుకోవడం ఇంకొకటి. మనకి రెండూ ఉన్నాయి!

నీటి సంఘాల చట్టం 1997లోనే వచ్చింది, 2024 డిసెంబర్‌లో ఎన్నికలు కూడా జరిగాయి, కానీ తూము దగ్గర కొలబద్ద లేకుండా, షట్టర్ తిప్పే లస్కర్ లేకుండా సంఘం అధ్యక్షుడు ఏం పంచుతాడు? ఇదే జిల్లాల్లో కొన్ని ఊళ్లలో రైతులే వాన, బోరు మట్టం కొలుచుకుని రబీకి ముందు కూర్చుని ఊరి నీటి బడ్జెట్ వేసుకున్నారు, చదువు రానివాళ్లు కూడా ఆ లెక్క చెప్పేవాళ్లు, ఆ పని నేర్పిన ప్రాజెక్టు డబ్బులు అయిపోయినాక అది పెద్దగా ముందుకి పోలేదు. దానికి అయ్యే ఖర్చు లైనింగ్ టెండర్ పక్కన చిల్లర కిందే లెక్క.

కాబట్టి నేనడిగేది, లైనింగ్ వేసే ప్రతి ప్యాకేజీలోనూ ఆ పక్క ఏ చెరువుకి, ఏ కుంటకి, ఏడాదిలో ఎన్ని రోజులు తూము తెరుస్తారో కూడా టెండర్లోనే రాయాల, తూము దగ్గర మీటర్ పెట్టాల, ఆ రీడింగ్ ప్రతి వారం ఊరి సచివాలయం గోడ మీద అతికించాల. చెరువు నిండి మరవ పారితే బోర్లు అవే లేస్తాయి, అప్పుడు లైనింగ్ వద్దని ఎవరూ కాలవ గట్టు మీద కూర్చోరు. అది రాయకుండా సిమెంటు ఒక్కటే పోస్తామంటే, కూర్చున్నోళ్లని లేపమని చెప్పడానికి నాకైతే నోరు రావడం లేదు.