విషం కణానికి అంటుకుంటే చేపకు ఢోకా లేదా?

"నానో పొడి నీళ్లలో కలిపితే కాడ్మియం, ఆర్సెనిక్ లాంటి విషాలన్నీ దానికి అంటుకుపోతాయి, ఇక చేపకు ఢోకా లేదు." చేపల రైతుల మధ్య ఈ మెసేజ్ చాలా తిరుగుతోంది. నానో పొడి అంటే కంటికి కనిపించనంత సన్నటి కణాల పొడి. అంటుకుంటాయన్న మాట నిజమే. ఢోకా లేదన్నదే తప్పు. దాన్ని నమ్మి చెరువులో పొడి చల్లితే నష్టపోయేది మనమే.

"అంటుకుంటే విషం పోయినట్టే." పోలేదు. కణం మీదికెక్కి కూర్చుంది, అంతే. కణం చేప ఒంట్లోకి వెళ్తే అదీ వెళ్తుంది. చైనా పరిశోధకులు దీన్ని బంగారు తీగ చేపల మీదే పరీక్షించి 2007లో ప్రచురించారు. కాడ్మియం ఉన్న నీళ్లలో 25 రోజులు ఉంచితే చేపలో గ్రాముకు 9 మైక్రోగ్రాముల కాడ్మియం చేరింది. అవే నీళ్లలో టైటానియం డయాక్సైడ్ నానో కణాలు కూడా వేస్తే అది 22 దాటింది, అంటే 146 శాతం ఎక్కువ. మొప్పల్లో, లోపలి అవయవాల్లో బాగా పోగుపడింది. ఆర్సెనిక్‌తో చేసినప్పుడు కూడా 132 శాతం పెరిగింది.

"నీళ్ల టెస్టులో తగ్గింది కదా?" కణాల్ని వడగట్టేసి, నీళ్లలో కరిగి ఉన్నదాన్ని మాత్రమే కొలిస్తే తగ్గినట్టే కనిపిస్తుంది. కానీ డాఫ్నియా అనే చిన్న నీటి పురుగు నీళ్లను వడగట్టి, అందులో దొరికిన కణాల్నే మేతగా మింగుతుంది. దాని ఒళ్లు అద్దంలా ఉంటుంది. కార్బన్ నానో కణాలున్న నీళ్లలో వదిలి మైక్రోస్కోపులో చూస్తే పేగు నల్లటి గీతలా కనిపిస్తుంది. చేప పిల్లలు తినేది ఇలాంటి పురుగుల్నే.

"ఏ విషానికైనా పనిచేస్తుంది." 2008లో ప్రచురితమైన డెన్మార్క్ పరిశోధనలో కార్బన్ నానో కణాలు కలిపితే, పెంటాక్లోరోఫినాల్ అనే పురుగుమందు వల్ల నాచుకు జరిగే హాని దాదాపు సగానికి తగ్గింది. తారులో, పొగలో ఉండే ఫినాంత్రీన్ అనే రసాయనంతో మాత్రం, నీళ్లలో కరిగి ఉన్నదాన్ని బట్టి లెక్కిస్తే హాని 60 శాతం పెరిగింది. ఆ ఫినాంత్రీన్‌లో 85 శాతం కణాలకు అంటుకుని ఉన్నా, అదీ నాచును తాకిందన్నమాట! కాబట్టి ఏ కణం, ఏ విషం, ఏ జీవి అని చూడకుండా ఎవరూ హామీ ఇవ్వలేరు.

"ఆర్సెనిక్ ఫిల్టర్లలో నానో పదార్థం వాడుతున్నారుగా!" అవును, మన ఐఐటీ మద్రాస్ తయారుచేసినదే ఉంది, అది మంచి పని. అక్కడ ఆ పదార్థం డబ్బాలోనే ఉంటుంది, విషం నిండాక తీసి పక్కన పెట్టొచ్చు. చెరువులో చల్లిన పొడిని ఎవరు ఏరి తీస్తారు? అది ముద్దలు కట్టి అడుగుకు చేరుతుంది. బంగారు తీగ మేత కోసం కెలికేది ఆ అడుగు బురదనే.