ఫిరంగికి చైన్ వద్దు, టైర్లు కావాలి

కోతల కాలంలో మిర్యాలగూడ రోడ్డు మీద కాసేపు నిలబడితే చాలు. టైర్ల హార్వెస్టర్ తనంతట తానే ఊరి నుంచి ఊరికి పోతుంటుంది. ట్యాంకుకున్నట్టు టైర్లకు బదులు చైన్ ఉండే మిషన్ మాత్రం లారీ ఎక్కి రావాలి. దిగబడే మడిలో దానికి తిరుగులేదు, నిజమే. కానీ లారీ దొరకని రోజు అది కదలదు.

ఫిరంగుల సంగతీ అంతే. 2024 డిసెంబర్‌లో రక్షణ శాఖ రూ.7,629 కోట్లతో మరిన్ని కె-9 వజ్రలకు ఒప్పందం చేసుకుంది. మంచి ఫిరంగే. కాకపోతే చైన్ మీద నడిచే బండి, బరువు దాదాపు 47 టన్నులు. ఫ్రాన్స్ వాళ్ల సీజర్ కూడా 155 మిల్లీమీటర్ల గుండునే 40 కిలోమీటర్ల అవతలికి విసురుతుంది. ఆరు టైర్ల లారీ మీద కూర్చున్న ఆ ఫిరంగి బరువు మాత్రం 18 టన్నుల లోపే.

గుండు గాల్లో ఉండగానే అది ఎక్కడి నుంచి లేచిందో అవతలి రాడార్ పసిగడుతుంది. మన స్వాతి రాడార్ చేసేదీ అదే పని. కొట్టగానే జాగా మారాలి. పక్క పొలంలోకి జరగడం చైన్ బండికీ చేతనవును. రాత్రికి రాత్రి రెండు వందల కిలోమీటర్లు పోవాలంటేనే ట్రెయిలర్ కోసం చూడాలి. టైర్ల బండికి రోడ్డుంటే చాలు.

ఇసుకలో టైర్లు కూరుకుపోవా, లోపలి జవాన్లకు కవచం తక్కువ కాదా అంటారు. రాజస్థాన్ ఎడారిలో ట్యాంకుల వెంట నడవడానికి వజ్రలు ఉండాల్సిందే. అంతవరకు ఒప్పుకుంటాను.

కానీ ఉక్రెయిన్‌ను చూడండి. 2022లో యుద్ధం మొదలైనప్పుడు వాళ్ల సొంత బొహ్దానా ఫిరంగి ఒకే ఒక్క నమూనా. రెండేళ్లు తిరిగేసరికి నెలకు 20 చేయగలమని జెలెన్‌స్కీ చెప్పారు. లారీ చాసిస్ మీద ఫిరంగి బిగించడం కాబట్టే అది కుదిరింది. అదే 2022లో జర్మనీ ఇచ్చిన చైన్ ఫిరంగులు రిపేరు కోసం లిథువేనియా దాకా పోవాల్సి వచ్చింది! యుద్ధం మధ్యలో దేశం దాటి వర్క్‌షాప్‌కు పోయే ఆయుధం ఎంత గొప్పదైతే ఏం లాభం?

నా అసలు బాధ ఇక్కడే ఉంది. డీఆర్‌డీవో 8 చక్రాల వాహనం మీద 155 మిల్లీమీటర్ల ఫిరంగిని ఇప్పటికే తయారు చేసింది. దాన్ని త్వరగా కొనాలి. కొంటే సరిపోదు, బాగుచేసే చేతులు కావాలి. నకిరేకల్ దగ్గర హైవే పక్కన పొద్దున జాకీ మీదికెక్కిన టిప్పర్, గేర్‌బాక్స్ దించి ఎక్కించుకుని సాయంత్రానికి రోడ్డెక్కడం కళ్లారా చూశాను. గ్రీజు చేతుల ఆ కుర్రాడిని రక్షణ రంగం లెక్కలో ఎవరూ వేసుకోరు. సైన్యం మెకానిక్‌లను తీర్చిదిద్దే ఈఎంఈ సెంటర్ సికింద్రాబాద్‌లోనే ఉంది. నల్గొండ, మహబూబ్‌నగర్ ఐటీఐల్లో డీజిల్ మెకానిక్ చదివే పిల్లలను ఏటా నెల రోజులైనా అక్కడికి పంపి, ఈ భారీ వాహనాల ఇంజిన్ మీద చెయ్యి వేయనివ్వాలి.