టీఎస్‌హెచ్ తగ్గింది, జబ్బు పెరిగింది

కాశీనగర్‌లో ఉండే మా మేనత్త ఆ మధ్య ఒక ఎండాకాలంలో సగానికి సగమైపోయింది. ఆకలి బాగానే ఉంది, మునుపటి కంటే ఎక్కువే తింటోంది, అయినా జాకెట్లన్నీ వదులయ్యాయి. టీ గ్లాసు పట్టుకుంటే చేతులు వణికేవి. రాత్రిళ్లు గుండె దడ, నిద్ర లేదు. షుగరేమోనని చూపిస్తే కాదన్నారు. ఎవరో చెబితే పర్లాకిమిడి వెళ్లి థైరాయిడ్ పరీక్షకు రక్తం ఇచ్చింది. టీఎస్‌హెచ్ 0.01 కంటే తక్కువని కాగితం మీద వచ్చింది, పక్కనే ఒక చుక్క గుర్తు. ఇంట్లో కోడలికి అప్పటికే థైరాయిడ్ మాత్రలు ఉన్నాయి. "తక్కువుందనే కదా రాశారు, మరి పెంచుకోవాలి కదా" అనుకుని అత్త ఆ సీసాలోంచే రోజుకొకటి వేసుకోవడం మొదలుపెట్టింది. అలా ఇరవై రోజులు. అగ్నికి ఆజ్యం పోయడమంటే అదే.

అత్తను తప్పు పట్టలేను. తక్కువైతే పెంచాలనుకోవడం లోకజ్ఞానం. తిరకాసు టీఎస్‌హెచ్‌లోనే ఉంది. అది థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను కాదు. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ, థైరాయిడ్ మీద వేసే కేక. కూలీ బద్ధకిస్తే మేస్త్రి గొంతు పెంచుతాడు. కూలీ చెప్పకుండానే చేటెడు పని చేసేస్తుంటే నోరు మూసుకుంటాడు. టీఎస్‌హెచ్ పెరిగిందంటే చాలాసార్లు గ్రంథి మందగించినట్టు, పడిపోయిందంటే గ్రంథి అదుపు తప్పినట్టు. మొదటిది హైపో, రెండోది హైపర్. ఒకదానికి లేని హార్మోనును బయటి నుంచి ఇస్తారు, రెండోదానికి ఎక్కువైన హార్మోనుకు అడ్డుకట్ట వేస్తారు. ఈ రెండింటికీ మన వాడుకలో ఉన్నది ఒకటే మాట: "నాకు థైరాయిడ్ ఉంది." ఆ మాటకొస్తే థైరాయిడ్ లేనిదెవరికి? మెడలో సీతాకోకచిలుకలా అందరికీ ఉండేదే. జబ్బు పేరు చెప్పాల్సిన చోట అవయవం పేరు చెప్పడం ఎక్కడైనా చిక్కే. ఆంధ్ర సరిహద్దున ఉన్న ఒడిశా జిల్లాలు గజపతి, రాయగడల్లో ఆ చిక్కు రెట్టింపవుతుంది.

1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన సరిహద్దు గీత పర్లాకిమిడిని ఒడిశాలో, మహేంద్రతనయ ఏటికి ఇవతల ఉన్న పాతపట్నాన్ని ఆంధ్ర వైపు ఉంచింది. ఏటికి అటూ ఇటూ ఒకటే బంధుత్వం, ఒకటే సంత. వైద్యం మాత్రం ముక్కలు. రక్తం పర్లాకిమిడిలో, డాక్టరు శ్రీకాకుళంలో, జబ్బు ముదిరితే విశాఖ, ప్రభుత్వ ఆసుపత్రి కావాలంటే బరంపురం. అత్త కాగితాలన్నీ ఒక పాలిథిన్ సంచిలో ఉంటాయి. అందులో ఇంగ్లీషు చీటీలున్నాయి, మందుల షాపువాళ్లు ఒడియాలో రాసిచ్చిన కవర్లున్నాయి, వెనకవైపు మా బావ తెలుగులో గీసుకున్న లెక్కలున్నాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా వైద్యం మొదటి నుంచి మొదలు.

జ్వరానికైతే ఇది చెల్లుతుంది, థైరాయిడ్‌కు చెల్లదు. ఇది అంకెల వెంట నెలలు, ఏళ్లు నడవాల్సిన జబ్బు. నిన్నటి అంకె తెలియకపోతే నేటి అంకెకు అర్థం సగమే. ఈ జిల్లాల్లో మాత్రకు కొరత ఉందని నేను అనను. కొరతంతా రోగి చరిత్రను ఒకచోట కూర్చి చూసే కంటికే.

హైపర్ సంగతే చూడండి. టీఎస్‌హెచ్ పడిపోయిందని తేలడం సగం దారే. గ్రంథి తయారుచేసే హార్మోన్లు ఫ్రీ టీ4, టీ3 ఎంతున్నాయో చూడాలి, ఆ తర్వాత కారణం వెతకాలి. ఒంటి రక్షణ వ్యవస్థే గ్రంథిని అదేపనిగా రెచ్చగొట్టే గ్రేవ్స్ జబ్బు కావచ్చు. గ్రంథిలోని గడ్డలు సొంతంగా హార్మోను తయారుచేస్తుండవచ్చు. లేదా గ్రంథి వాచి, నిల్వ ఉన్న హార్మోను రక్తంలోకి కారిపోతుండవచ్చు. కాన్పు తర్వాతి నెలల్లో ఈ మూడోది తరచుగా కనిపిస్తుంది. అది చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. కారిపోయేది పాత నిల్వ కాబట్టి కొత్త ఉత్పత్తిని ఆపే కార్బిమజోల్ అక్కడ పనిచేయదు. ఏది ఏమిటో తేల్చడానికి న్యూక్లియర్ స్కాన్ ఉంది, దానికి విశాఖకో భువనేశ్వర్‌కో పోవాలి. టీఆర్‌ఏబీ అనే రక్తపరీక్ష కూడా ఉంది. గ్రేవ్స్ అయితే చాలావరకు అదే పట్టిస్తుంది, దానికి మనిషి కదలనక్కర్లేదు, నెత్తురు సీసా వెళితే చాలు. సరిహద్దు జిల్లాలకు కావలసిన వైద్యం ఇలాంటిది. కూలి పోగొట్టుకుని గుణుపూర్ రైలెక్కాల్సింది రోగి కాదు, ఆ సీసా.

మందు మొదలయ్యాక ఇంకో తప్పు చూశాను. హైపర్ తగ్గుముఖం పట్టినా టీఎస్‌హెచ్ నెలల తరబడి అట్టడుగునే ఉండిపోవచ్చు. ఆ రోజుల్లో దారి చూపేవి టీ4, టీ3. టీఎస్‌హెచ్ ఒక్కటే చూసే కొత్త డాక్టరు "ఇంకా తగ్గలేదు" అని మోతాదు పెంచేస్తే మనిషి నేరుగా హైపోలోకి జారిపోతుంది. కార్బిమజోల్ వాడేవాళ్లందరికీ వాళ్ల భాషలో చెప్పాల్సిన మాట ఇంకొకటుంది. గొంతునొప్పి, జ్వరం వస్తే ఆ మాత్ర ఆపి వెంటనే తెల్ల రక్తకణాల పరీక్ష చేయించుకోవాలి. అరుదే అయినా, ఆ కణాలు పడిపోతే ప్రాణం మీదికొస్తుంది. అత్త సంచిలోని ఏ కవరు మీదా ఈ మాట లేదు, ఒడియాలోనూ లేదు.

గ్రేవ్స్‌కు మాత్రలు మామూలుగా 12 నుంచి 18 నెలలు వాడతారు. ఆపాక చాలామందికి తిరగబెడుతుంది. అప్పుడు రేడియో అయోడిన్, లేదంటే శస్త్రచికిత్స. రేడియో అయోడిన్ అనగానే మన వైపు "కరెంటు పెడతారట" అని హడలిపోతారు. అక్కడ ఏ యంత్రమూ ఉండదు. ఒక గొట్టం మాత్రో గుక్కెడు ద్రవమో మింగడమే. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. కళ్లు బాగా ఉబ్బినవాళ్ల విషయంలో ఆచితూచి అడుగేస్తారు. గ్రంథి చల్లబడ్డాక చాలామందికి జీవితాంతం హార్మోను మాత్ర తప్పదు. ఈ చివరి ముక్క ముందే చెప్పకపోతే, తర్వాత "ఒక జబ్బు పోగొట్టి ఇంకోటి అంటించారు" అని తిట్టుకుంటారు. నా చెవులతో విన్నాను.

హైపో చూడటానికి తేలిక. లీవోథైరాక్సిన్ అనే చవక మాత్ర, రోజుకొకటి, పరగడుపున మంచినీళ్లతో, తర్వాత అరగంట నుంచి గంట దాకా ఏమీ తినకూడదు. అంతే కదా! కానీ మన పల్లెల్లో తెల్లవారితే ముందు టీ, ఆపైన పొలానికి పోతూ చోడి అంబలి. మాత్ర టీతోనే లోపలికి పోతుంది. ఇక గర్భిణులకు ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్, కాల్షియం మాత్రలుంటాయి. వాటిని దీంతో కలిపి మింగితే హార్మోను ఒంటికి పట్టదు, నాలుగు గంటల ఎడం కావాలి. గర్భం నిలవగానే ఈ హార్మోను అవసరం పావు వంతుకు పైగా పెరుగుతుంది కూడా. మోతాదును కనిపెట్టి చూడాల్సిన నెలల్లోనే మన అమ్మాయిలు కాన్పుకు పుట్టింటికి, అంటే తరచు ఏటి అవతలికి, వెళతారు. చూసే డాక్టరు మారిపోతాడు.

మోతాదు మార్చాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పరీక్ష చేయించాలి. పది రోజులకే చూపించి మళ్లీ మార్పించుకుంటే అదంతా దండగ ఖర్చు. టీఎస్‌హెచ్ కాస్త ఎక్కువై టీ4 సరిగానే ఉంటే, 10 దాటనంతవరకు చాలామందికి రెండు మూడు నెలలాగి మళ్లీ చూడటమే మంచిది, గర్భిణుల సంగతి వేరు. ఒక్క అంకె చూసి జీవితాంతపు మాత్ర రాయడం నాకు నచ్చదు. పెద్ద వయసువారిలో అవసరానికి మించిన మోతాదు గుండె లయ తప్పిస్తుంది, ఎముకలను గుల్ల చేస్తుంది. ఫోన్లలో తిరిగే ధనియాల నీళ్ల వైద్యం మాటంటారా, నీళ్లు తాగండి, మాత్ర మాత్రం ఆపకండి.

హైదరాబాద్, చెన్నై, కోల్‌కతా సహా 8 నగరాల్లో 5 వేల మందికి పైగా పెద్దలను పరీక్షించి 2013లో ప్రచురించిన అధ్యయనం దాదాపు 11 శాతం మందిలో హైపో ఉందని చెప్పింది. అన్నీ నగరాలే. కొండ అంచున ఉన్న మన ఊళ్లు ఆ లెక్కలో లేవు. మన వైపు ఈ కథ మొదలైంది గలగండంతో, అంటే మెడలో ఆ గ్రంథి ఉబ్బడంతో, అయోడిన్ లోపంతో. ఆ కథను మార్చిన మనిషి మన పక్కవాడే. శ్రీకాకుళంలో 1921లో పుట్టి, విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో చదివిన వులిమిరి రామలింగస్వామి. 1956 నుంచి హిమాలయాల కాంగ్రా లోయలో ఆయన బృందం చేసిన ప్రయోగం, ఉప్పులో అయోడిన్ కలిపితే గలగండం తగ్గుతుందని తేల్చింది. జాతీయ గలగండ నియంత్రణ కార్యక్రమం 1962లో వచ్చింది. ఇళ్లకు చేరే ఉప్పులో కనీసం 15 పీపీఎం (పది లక్షల పాళ్లలో 15 పాళ్లు) అయోడిన్ ఉండాలన్నది నేటి నిబంధన. విచిత్రమేమిటంటే, గుణుపూర్ రైలు మార్గం మొదలయ్యే నౌపడా ఉప్పు మళ్లకే పేరు. ఆవకాయకు రాళ్ల ఉప్పే కావాలని పట్టుబట్టే ఇళ్లు మా వైపు కొల్లలు. పచ్చడికి సరే, రోజువారీ కూరకు అయోడిన్ ఉప్పే వాడాలి. అయితే ఆ ఉప్పు అయోడిన్ లోపాన్ని ఆపుతుందే గానీ, ఒంటి రక్షణ వ్యవస్థ గ్రంథిని తినేసే హషిమోటో జబ్బును కాదు.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టేది పసిబిడ్డల సంగతి. మన దేశంలో ఇంచుమించు వెయ్యి కాన్పుల్లో ఒక బిడ్డ చాలినంత థైరాయిడ్ హార్మోను లేకుండా పుడుతుంది. పుట్టగానే చాలామందిలో ఏమీ కనిపించదు. మడమ మీద గుచ్చి తీసిన నాలుగు చుక్కల నెత్తురుతో పట్టుకుని, రెండు వారాల్లోపు మాత్ర మొదలుపెడితే బిడ్డ అందరిలా ఎదుగుతుంది. నెలలు జారితే మెదడుకు జరిగిన నష్టం తిరిగిరాదు. ఈ పరీక్ష దేశమంతటా ప్రతి కాన్పుకూ జరగడం లేదు.

పెద్ద ఆసుపత్రి కట్టించమని అడగడం తేలిక, నేనడిగేది అంతకంటే చిన్నది. ఏ రాష్ట్రం బీమా కార్డయినా ప్రధానంగా ఆసుపత్రిలో మంచమెక్కితేనే పనికొస్తుంది. థైరాయిడ్ రోగి మంచమెక్కడు, ఏళ్ల తరబడి రక్తపరీక్షకు చేతిడబ్బు పెడతాడు. ఆ పరీక్ష సామాజిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా జరగాలి. దాంతోపాటు ఒడియా, తెలుగు, ఇంగ్లీషుల్లో ఒక పుస్తకం ఇవ్వాలి. జబ్బు హైపోనా హైపరా, మందు పేరు, మోతాదు, తేదీ, అంకె అందులో ఉండాలి. 14 అంకెల డిజిటల్ ఆరోగ్య ఖాతా ఈ పని చేస్తుందంటున్నారు. చేస్తే సంతోషమే. అందాకా పాలిథిన్ సంచే దిక్కు.

అత్తకు చివరికి విశాఖలో రేడియో అయోడిన్ ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి గ్రంథి మందగించింది. ఇప్పుడు ఆమె కూడా లీవోథైరాక్సినే వేసుకుంటోంది. అప్పట్లో పొరపాటున మింగిన మందే ఇప్పుడు ఆమె మందు. అత్తది 100 మైక్రోగ్రాములు, కోడలిది 50. వంటింటి గూట్లో రెండు సీసాలూ పక్కపక్కనే ఉంటాయి. అత్త తన సీసా మెడకు ఎర్ర దారం కట్టుకుంది.