ఏ ప్లస్ కళ

మన బడుల్లో కళలు లేవని వాపోయేవారు పదో తరగతి మెమోను అడుగుదాకా చదివి ఉండరు. లెక్కలు, సైన్సు, సాంఘికం దాటి కిందికి దిగితే సహపాఠ్య అంశాల వరుసలో ‘కళలు, సాంస్కృతిక విద్య’ అనే గడి ఉంటుంది. దానికెదురుగా ఒక గ్రేడు. డ్రాయింగ్ టీచరు పోస్టు ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న బడిలోనూ ఆ గడి ఖాళీగా ఉండదు. నేర్పనిదాన్ని పిల్లలు ఎంత బాగా నేర్చుకున్నారో తేల్చి చెప్పగలిగిన వ్యవస్థ మనది. దాన్ని తక్కువ చేసి మాట్లాడటం పాపం.

పై నుంచి ఆదేశాలకు లోటు లేదు. పదో తరగతి దాకా కళలు ఒక సబ్జెక్టుగా ఉండాలని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం చెప్పింది. పాఠ్య, సహపాఠ్య అంశాల మధ్య గోడలు ఉండకూడదని 2020 జాతీయ విద్యా విధానం అంది. మా దగ్గర గోడ ఎప్పుడో పోయింది. అందుకే లెక్కల సార్ డ్రాయింగ్ పీరియడ్‌లోకి అడ్డూ ఆపూ లేకుండా నడిచి వస్తారు.

ఒకసారి ఒక బడిలో ఈ మూల్యాంకనాన్ని కళ్లారా చూసే భాగ్యం కలిగింది. 42 మంది పిల్లలు, నాలుగు సహపాఠ్య అంశాలు, మొత్తం 168 గడులు. మధ్యాహ్నం టీ వచ్చేలోపు పూర్తి కావాలి. అందరికీ ఏ ప్లస్ వేస్తే తనిఖీకి వచ్చినవారు అనుమానిస్తారు కదా! అందుకని సార్ రెండు ఏ ప్లస్‌లు, ఒక ఏ, మళ్లీ రెండు ఏ ప్లస్‌లు వేసుకుంటూ పోయారు. నడుమ నడుమ దిష్టిచుక్కలా ఒక బి. పని అయ్యాక రిజిస్టరును కాస్త ఎడంగా పట్టుకుని చూస్తే చుక్కల ముగ్గే. ఆ ఏడాది ఆ బడిలో పుట్టిన కళాఖండం అదొక్కటే. పాపం, దానికి ఎవరూ గ్రేడు వేయలేదు.

పిల్లలు తమను తాము అంచనా వేసుకోవాలని, తోటివారిని కూడా అంచనా వేయాలని కొత్త విధానం కోరుతోంది. దానికీ మార్గం దొరికింది. ‘నేను బొమ్మలు బాగా వేస్తాను’ అని సార్ బోర్డు మీద రాస్తారు, పిల్లలు చూసి రాసుకుంటారు. అక్షరదోషాలకు మార్కులు కోస్తారు.

బొమ్మలే వేయించరా అంటే, వేయిస్తారు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఏరు, పక్కన గుడిసె, ఒక కొబ్బరిచెట్టు. ఆకాశంలో టిక్కుల్లాంటి పక్షులు నాలుగు. దిద్దేవారికి శ్రమ లేకుండా టిక్కులు పిల్లలే పెట్టుకొస్తారన్నమాట. సముద్రం మాట దేవుడెరుగు, ఏటినే సరిగా చూడని ఊళ్లలోనూ కొబ్బరిచెట్టు తప్పనిసరి.

ఈ పద్ధతికి లొంగని పిల్లవాడిని ఒక్కణ్ణే చూశాను. కరీంనగర్ వైపు, గ్రానైట్ క్వారీలున్న ఊరు. వాడి బొమ్మలో ఒక కొండ సగమే ఉంది. మిగతా సగం నిట్టనిలువుగా, కత్తితో కోసిన జున్నుముక్కలా నున్నగా ఉంది. కింద పసుపుపచ్చ లారీ, దాని మీద నల్లటి దిమ్మ. ఆకులన్నిటికీ బూడిద రంగు వేశాడు. పక్షులు లేవు.

“కొండ పూర్తి చేయలేదేం?” అని సార్ అడిగారు.

“అంతే ఉంది సార్” అన్నాడు.

రికార్డులో ఎర్రసిరాతో ‘అసంపూర్తి’ అని పడింది. పక్కన బి. సార్‌ను తప్పుపట్టలేం. సగం కొండకు ఎన్ని మార్కులో ఏ మార్గదర్శకాల్లోనూ లేదు.

తరువాతి పరీక్షకు కుర్రవాడు దారికొచ్చాడు. రెండు కొండలూ నిండుగా, పచ్చగా వేశాడు. మధ్యలో సూర్యుడు, నాలుగు టిక్కులు. ఏ ప్లస్. ఆ ఊళ్లో కొండలు చెక్కుచెదరకుండా ఉన్నది ఇప్పుడు ఆ రికార్డులోనే.